బాండుంగ్‌లో ఒక సెమిస్టర్: అక్కడి కుర్రకారుతో కలవాలంటే ముందే తెలియాల్సినవి

ప్రశ్న: విజయవాడలో బీటెక్ మూడో ఏడు చదువుతున్నాను. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ మీద ఆగస్టు నుంచి ఒక సెమిస్టర్ ఇండోనేషియాలోని బాండుంగ్‌లో ఉండబోతున్నాను. అక్కడ మా వయసువాళ్లు ఎలా ఉంటారు, ఖాళీ టైంలో ఏం చేస్తారు, ప్రస్తుతం ఏ ట్రెండ్‌లు నడుస్తున్నాయి? వాళ్లలో కలవాలంటే ఏం తెలుసుకుని వెళ్లాలి? శాకాహారిని కూడా.

సమాధానం:

తమ్ముడూ, ట్రెండ్‌ల చిట్టా ఇప్పుడు రాసిచ్చినా నువ్వు విమానం దిగేలోపు అందులో సగం పాతబడిపోతుంది. ఏళ్ల తరబడి మారనిది ఒకటుంది, అది అర్థమైతే మిగతావి వాటంతటవే తెలుస్తాయి. దాని పేరు నొంగ్‌క్రొంగ్. పనేమీ పెట్టుకోకుండా నలుగురు ఒకచోట చేరి గంటల తరబడి కూర్చోవడం. మన ఊళ్లలో రచ్చబండ దగ్గర కూర్చున్నట్టే గానీ, ఇక్కడ అమ్మాయిలూ సమానంగా ఉంటారు, రాత్రి పదకొండయినా ఎవరూ వింతగా చూడరు. కాఫీ, బట్టలు, ఆటలు, పాటలు, రాజకీయం అన్నీ ఆ టేబుల్ దగ్గరికే వస్తాయి. కాబట్టి నువ్వు నేర్చుకోవాల్సింది అక్కడ కూర్చోవడం.

ఇంతలా ఎందుకు కూర్చుంటారంటే కారణాలు చాలా మామూలువి. విద్యార్థులు అద్దెకుండే కోస్ గది మంచం, బల్ల పట్టేంత ఉంటుంది. చాలా కోస్‌లలో రాత్రి తొమ్మిది, పది దాటాక బయటివాళ్లను రానివ్వరు, ఆడపిల్లల కోస్‌లోకి మగపిల్లలకు ప్రవేశమే ఉండదు. మద్యం ఎక్కువమంది ముట్టరు. పార్కులు తక్కువ, అక్టోబరు దాటితే మధ్యాహ్నం నుంచి వాన. ఇక మిగిలేది కాఫీ కొట్టే. అక్కడ కప్పుకి ఇచ్చే డబ్బులో సగం కుర్చీ అద్దె అనుకో. దేశంలో ఇలా కూర్చునే వయసువాళ్లు ఎంతమందో కూడా చూడు: 2020 జనగణనలో 27 కోట్ల జనాభాకు గాను 1997 నుంచి 2012 మధ్య పుట్టినవాళ్లే 27.94 శాతం.

కూర్చునే చోట్లలో తరగతులున్నాయి. అన్నింటికంటే కింద వార్కొప్, వార్మిందో అనే చిన్న కొట్లు. ప్యాకెట్ కాఫీ, ఇండోమీ నూడుల్స్, వేయించిన టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు). పదిహేను, ఇరవై వేల రూపియాలతో పూట గడుస్తుంది. వెయ్యి రూపియా అంటే మన ఐదు రూపాయల పైచిలుకు, ఆ లెక్కన వేసుకో. ఇలాంటి కొట్లు నడిపేవాళ్లలో చాలామంది పశ్చిమ జావాలోని కునింగన్ జిల్లావాళ్లు. నెలాఖరున జేబు ఖాళీ అయిన విద్యార్థులను బతికించేవి ఇవే. వీటి పైన చిన్న కాఫీ షాపులు, కప్పు పద్దెనిమిది నుంచి ముప్ఫై వేలు. ఆ పైన గాజు గోడలు, ఏసీ ఉన్న పెద్ద కెఫేలు. దాగో, బ్రాగా వీధి చుట్టుపక్కల, విద్యార్థులుండే దిపాతి ఉకుర్ రోడ్డు మీద మూడు రకాలూ దొరుకుతాయి. స్నేహితులు పిలిచిన చోటుకే వెళ్లు. తెలియక ఖరీదైన కెఫే నువ్వే సూచించావనుకో, డబ్బు లేనివాడు "లేదు" అని ముఖం మీద చెప్పడు. ఏదో పనుందని రాడు, ఆ తర్వాత కూడా రావడం మానేస్తాడు. విదేశీ విద్యార్థులు తెలియకుండా స్నేహాలు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

మర్యాదల్లో ముఖ్యమైనవి మూడు నాలుగే. కాఫీ షాపులో మనిషికి కనీసం ఒక ఐటం కొనాలి, బయటి తిండి తేకూడదు. ఆ ఒక్క కప్పుతో మూడు గంటలు కూర్చున్నా ఎవరూ లేపరు. ల్యాప్‌టాప్ తెచ్చుకుంటే ప్లగ్ ఉన్న బల్ల చూసుకో, "కొలోకన్" ఎక్కడని అడిగితే చూపిస్తారు. ఎవరి బిల్లు వాళ్లదే, లేదంటే అందరూ సమానంగా పంచుకుంటారు. కానీ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే తినిపించాలి, మిగతావాళ్లు వాడికి తినిపించరు. కొత్తగా జంటైనవాళ్ల దగ్గర కూడా స్నేహితులు "పేజే" అంటూ పన్ను వసూలు చేస్తారు, అదీ తిండి రూపంలోనే. నీ పుట్టినరోజు ఆ సెమిస్టర్‌లోనే వస్తే నాలుగైదు లక్షల రూపియా పక్కన పెట్టుకో.

టైం విషయం. ఏడింటికని చెబితే ఏడున్నరకు ఒకరు వస్తారు, ఎనిమిదికి అందరూ చేరతారు. "ఓటేవే" (ఆన్ ద వే) అని మెసేజ్ వచ్చిందంటే బయల్దేరారని కాదు, ఇంకా స్నానానికి కూడా వెళ్లలేదని చాలాసార్లు. ప్రొఫెసర్‌తో అపాయింట్‌మెంట్‌కి, రైలుకి మాత్రం ఈ సడలింపు ఉండదు. సాయంత్రం ఆరు ప్రాంతంలో మగ్రిబ్ నమాజుకు కొందరు లేచి వెళ్తారు, పది నిమిషాల్లో వస్తారు. ఆ టైంకి మీటింగ్ పెట్టకు, శుక్రవారం మధ్యాహ్నం పదకొండున్నర నుంచి ఒంటిగంట వరకూ అంతే.

ఇక కాఫీ. నువ్వు వాళ్లతో తాగబోయేది చాలావరకు ఒకటే: ఎస్ కోపి సూసు గూలా ఆరెన్. ఐసు, పాలు, కాఫీ, అరెంగా తాటిచెట్టు బెల్లం పాకం. 2015లో దక్షిణ జకార్తాలోని చిపేతేలో మొదలైన కోపి తూకు దీన్ని వీధి ధరకు అమ్మి దారి చూపించింది. 2017లో కోపి కెనాంగన్, 2018లో జాంజి జివా వచ్చాక దేశమంతా పాకింది. ఇంట్లో చేసి చూడాలంటే మనకు సులువే, ఎందుకంటే తాటిబెల్లం రుచి దానికి బాగా దగ్గర.

పాకానికి 250 గ్రాముల తాటిబెల్లం, 150 మిల్లీలీటర్ల నీళ్లు, చిటికెడు ఉప్పు, దొరికితే ఒక పాండన్ ఆకు. సన్నసెగ మీద ఎనిమిది పది నిమిషాలు. తేనెకంటే కొంచెం పలచగా ఉండగానే దించెయ్, చల్లారితే చిక్కబడుతుంది. వడకట్టు, తాటిబెల్లంలో ఇసుక ఉంటుంది. 300 మిల్లీలీటర్ల గ్లాసులో 25 మిల్లీలీటర్ల పాకం, నిండా ఐసు, చల్లని చిక్కటి పాలు 110 మిల్లీలీటర్లు, పైన 40 మిల్లీలీటర్ల ఎస్ప్రెసో. మిషను లేకపోతే మన ఫిల్టర్ మొదటి డికాక్షన్ చక్కగా సరిపోతుంది. కుదరకపోవడానికి మామూలుగా కారణాలు రెండు. పాకం వేడిగా పోస్తే ఐసు కరిగి నీళ్లకాఫీ అవుతుంది. రెండోది గింజ: లేతగా వేయించిన అరకు అరబికాతో చేస్తే పులుపు పాలల్లో తేలి కాఫీ రుచి కనపడదు. అక్కడ రోబస్టా ఎక్కువగా కలిపి ముదురుగా వేయించింది వాడతారు, అందుకే అన్ని పాలు, అంత తీపి పోసినా కాఫీ తెలుస్తుంది. షాపులో అడిగేటప్పుడు తీపి తగ్గించమనాలంటే "లెస్ షుగర్" అంటే చాలు, అందరికీ తెలుసు. మామూలు తీపి మనవాళ్లకు కూడా ఎక్కువే.

డబ్బు చెల్లింపు. క్రిస్ అని ఒక జాతీయ క్యూఆర్ ఉంది, 2019 ఆగస్టు 17న మొదలైంది. బండి మీద వేపుళ్లు అమ్మేవాడి దగ్గర కూడా ఆ స్టిక్కర్ ఉంటుంది. గోపే, ఓవో, దానా, షాపీపే, బ్యాంకు యాప్ ఏదైనా అదే కోడ్‌ని చదువుతుంది. లోకల్ నంబరు రాగానే ఒక వాలెట్ తెరువు, పాస్‌పోర్ట్‌తో ధ్రువీకరణ పూర్తి చేయించుకో. చెయ్యకపోతే డబ్బు ఉంచుకునే పరిమితి తక్కువగా ఉంటుంది, స్నేహితులకు పంపడం కుదరదు, ప్రతిసారీ "తర్వాత ఇస్తాను" అనాల్సొస్తుంది. అన్నీ క్రిస్‌తో అయిపోతాయని మాత్రం అనుకోకు. పార్కింగ్ కుర్రాడికి బండికి రెండు వేల రూపియా చేతికివ్వాలి, అతను చాలాసార్లు నువ్వు బయల్దేరేటప్పుడే ఈల వేసుకుంటూ ప్రత్యక్షమవుతాడు. బండి నీది కాకపోయినా వెనక కూర్చున్నవాడు ఆ రెండు వేలు ఇవ్వడం మంచి అలవాటు. జేబులో ఆ నోట్లు నాలుగైదు ఎప్పుడూ ఉంచుకో. ఇంకో హెచ్చరిక: స్నేహితుడు "నీ పేరు మీద పేలేటర్ (ఇప్పుడు కొని తర్వాత కట్టే అప్పు) తీసుకోనా" అనో, ఆన్‌లైన్ అప్పు యాప్‌లో నీ నంబరు అత్యవసర కాంటాక్ట్‌గా ఇవ్వనా అనో అడిగితే నవ్వుతూనే కాదను. ఆన్‌లైన్ అప్పులు, ఆన్‌లైన్ జూదం అక్కడి యువతను పీడించే జబ్బులు, వసూలు చేసేవాళ్లు కాంటాక్ట్‌లలో ఉన్నవాళ్లందరికీ ఫోన్లు చేస్తారు.

యాప్‌ల దగ్గర నీకో ఇబ్బంది ముందే ఉంది. 2020 జూన్ చివర్లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్, మొబైల్ లెజెండ్స్ రెండూ ఉన్నాయి. ఇండోనేషియా కుర్రాళ్ల జీవితంలో పెద్ద ముక్క ఈ రెండే. మన దగ్గర ఇన్‌స్టా రీల్స్‌లో ఆరిపోయే మంట అక్కడ టిక్‌టాక్‌లో రాజుకుంటుంది. ఎక్కడ తినాలి, ఏ క్రీము కొనాలి, ఏ మాట కొత్తగా పుట్టింది అన్నీ అందులోనే వెతుకుతారు. దిగాక అకౌంట్ తెరిచి, ఊరి పేరు కొట్టి వారం రోజులు చూడు. ఏ గైడు పుస్తకమూ అంత చెప్పదు.

మొబైల్ లెజెండ్స్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే భాష రాకపోయినా స్నేహం కుదిరే చోటది. కలిసి ఆడటాన్ని మాబార్ అంటారు. జట్టుకు ఐదుగురు, ఆట పదిహేను ఇరవై నిమిషాలు. టేబుల్ దగ్గర నలుగురున్నప్పుడు ఐదోవాడివి నువ్వే. కొత్తవాడివి కాబట్టి జంగ్లర్, గోల్డ్ లేన్ అనే పాత్రలు అడక్కు, ఆట గెలుపోటములు వాళ్ల మీదే ఉంటాయి. రోమర్‌గా ట్యాంక్ హీరో తీసుకో: ముందు నడవడం, దెబ్బలు తినడం, పొదల్లో ఎవరున్నారో చూపించడం. తప్పు చేసినా ఆట పోదు, చచ్చినా ఎవడూ తిట్టడు. మధ్యలో ఫోన్ పక్కన పెట్టి వెళ్లిపోవడం మాత్రం క్షమించరు. ఆ దేశం ఈ ఆటలో చిన్నది కాదు. 2019లో కౌలాలంపూర్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీని గెలిచింది ఇండోనేషియా జట్టు ఈవోస్, ఫైనల్లో ఓడిందీ వాళ్ల దేశపు జట్టు ఆర్ఆర్‌క్యూనే. ఆ రెండింట్లో నువ్వెవరి వైపని అడుగుతారు, ఏదో ఒకటి ఎంచుకో.

పిలుపులు, మాటతీరు. జకార్తా సీరియళ్లు, వీడియోలు చూసి "గువే, లో" (నేను, నువ్వు) నేర్చుకుని వెళ్తారు చాలామంది. బాండుంగ్ సుందా భాష మాట్లాడే ప్రాంతం, అక్కడ ఆ మాటలు రాజధాని దర్పంలా వినిపిస్తాయి. మొదట్లో అదే అర్థమున్న "ఆకు, కాము" వాడు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. మనకంటే పెద్దవాడైన కుర్రాణ్ని "ఆఆ", అమ్మాయిని "తేతే", లేదా ఇద్దరినీ "కాక్" అనాలి. కొట్లో వడ్డించే అబ్బాయికైనా అంతే, ఉత్త పేరుతో పిలవకూడదు. మగపిల్లలు తమలో తాము "ఆయింగ్" అనడం వింటావు, అది మొరటు మాట, దగ్గరివాళ్ల మధ్యే చెల్లుతుంది, నువ్వు రెండు నెలలు ఆగు. "అంజిర్" ప్రతి వాక్యంలోనూ పడుతుంది, అది కుక్క అన్న తిట్టును మెత్తబరిచింది. పెద్దవాళ్ల ముందు, ఆఫీసుల్లో అనకు. అన్నింటికంటే పనికొచ్చే మాట "పున్‌తెన్". కూర్చున్నవాళ్ల ముందు నుంచి దాటుతూ కొంచెం వంగి, కుడిచేయి కిందికి చాచి ఆ మాట అన్నావంటే సగం బాండుంగ్ నీదే. చాట్‌లో నవ్వు "వ్కవ్కవ్క" అని రాస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో మాటకంటే స్టిక్కర్ ఎక్కువ, క్లాసులో నిన్ను ఫొటో తీసి స్టిక్కర్ చేశారంటే గ్రూపులో కలిపేసుకున్నారన్నమాట, కోపం తెచ్చుకోకు.

భారతీయుడివని తెలియగానే "అచ్చా అచ్చా" అంటూ తల ఊపి చూపిస్తారు. పాత హిందీ సినిమాల్లోని జమీందారు "తువాన్ తాకుర్" ఇప్పటికీ అక్కడ జోకే, డబ్బున్నవాణ్ని అలా పిలుస్తారు. "ప్రిందాపన్" అని కూడా వినపడుతుంది, బృందావనం పేరు వంకరపోయి ఇంటర్నెట్‌లో మన దేశానికి వెక్కిరింపు పేరైంది, ముఖ్యంగా వీధి తిండి వీడియోల కింద. అన్నవాడి ఉద్దేశం చాలాసార్లు సరదాయే. నచ్చకపోతే మెల్లగా చెప్పు, గొంతు పెంచి చెబితే తప్పు వాడిదైనా పరువు పోయేది నీదే. ఇంకోవైపు, 2014లో ఆంటీవీలో వచ్చిన హిందీ మహాభారత సీరియల్ అక్కడ ఊపేసింది, ఇప్పుడు ఇరవైల్లో ఉన్నవాళ్లు దాన్ని చిన్నప్పుడు అమ్మతో కూర్చుని చూసినవాళ్లే. అర్జునుడు, కర్ణుడు అంటే పరిచయం అక్కర్లేదు, జావా తోలుబొమ్మలాట ఎలాగూ ఉంది. పేర్లు చూసి మతం ఊహించకు. విష్ణు, ఆదిత్య, దేవి, ఇంద్ర అన్న పేర్లతో ముస్లింలు కోకొల్లలు. నీ మతమేంటని మొదటి రోజే అడగడం అక్కడ మామూలు, గుర్తింపు కార్డు మీదే ఉంటుంది. హిందువునంటే "బాలీ వాళ్లలాగా?" అంటారు. అవునని సరిపెట్టు, తేడాలు తర్వాత చెప్పొచ్చు.

బట్టలు. బాండుంగ్‌ది ఇందులో పాత పేరు. 1990ల మధ్యలో స్కేట్‌బోర్డు, పంక్ కుర్రాళ్లు సొంతంగా టీషర్టులు అచ్చువేసి అమ్మిన చిన్న దుకాణాలు డిస్ట్రోలు. స్థానిక బ్రాండు వేసుకోవడం గొప్పగా మారింది అక్కడి నుంచే. కంపాస్ కాన్వాస్ బూట్లకు జనం ఎగబడేది కూడా ఆ అభిమానంతోనే, అదీ ఈ ఊరిదే. దీనికి పక్కనే థ్రిఫ్ట్, అంటే విదేశాల నుంచి వచ్చే వాడిన బట్టలు. బాండుంగ్‌లో గెదెబాగే మార్కెట్, జకార్తాలో పసార్ సెనెన్. మూటలు వంద కిలోలు అటూఇటూ ఉంటాయి. మూట విప్పిన రోజు ఉదయం ధర ఎక్కువ, సరుకు మంచిది, తర్వాత రోజురోజుకీ రెండూ పడిపోతాయి.

కొనేటప్పుడు లేబుల్ మీది సైజు చూడొద్దు. జపాన్ ఎల్, అమెరికా ఎల్ ఒకటి కాదు, ఉతికి కుంచించుకుపోయి కూడా ఉంటాయి. ఆన్‌లైన్ అమ్మకాల్లో "పి, ఎల్" అని రెండు అంకెలు ఇస్తారు: మొదటిది మెడ నుంచి కింది అంచు దాకా పొడవు, రెండోది చంకల మధ్య వెడల్పు, సెంటీమీటర్లలో. నీకు బాగా సరిపోయే చొక్కా ఒకటి బల్ల మీద పరిచి కొలిచి ఆ రెండు అంకెలూ ఫోన్‌లో రాసి పెట్టుకో. "మినుస్" అని రాస్తే లోపం ఉందన్నమాట, ఏంటో అడిగి కొను. చంక కుట్లు, కాలరు లోపలి మరక, జిప్పు ఈ మూడూ వెలుతురులో చూడు. తెచ్చాక గుడ్డ తట్టుకుంటే 60 డిగ్రీల నీళ్లలో ఉతికి, ఎండ లేకపోతే ఇస్త్రీ చెయ్యి, లేకపోతే చర్మం దురదలు వస్తాయి. ఇంకో సంగతి: వాడిన బట్టల దిగుమతి చట్టరీత్యా నిషేధం. 2021లో వాణిజ్య మంత్రిత్వ శాఖ నిబంధన, 2022లో దాని సవరణ వచ్చాయి, 2023 మార్చిలో మూటలకు మూటలు తగలబెట్టారు. కొన్నవాడి మీద కేసు పెట్టరు గానీ, దాడి జరిగిన వారం దుకాణాలు మూసుంటాయి, నువ్వు కూడా పెద్ద మూటతో తిరుగు ప్రయాణం పెట్టుకోకు.

రంగు విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. బాండుంగ్ ఫుట్‌బాల్ జట్టు పెర్సిబ్, నీలం. జకార్తా జట్టు పెర్సిజా ఎరుపు, దాని అభిమానులది నారింజ. మ్యాచ్ రోజుల్లో నారింజ టీషర్టుతో వీధిలోకి రావద్దు. 2018లో బాండుంగ్ స్టేడియం దగ్గర జకార్తా అభిమానిని జనం కొట్టి చంపారు. పెర్సిబ్ 2024, 2025 వరసగా లీగ్ గెలిచింది, గెలిచిన రాత్రి ఊరంతా బండ్లతో రోడ్డు మీదే ఉంటుంది. ఆ రాత్రి ట్యాక్సీ ఏదీ కదలదు, ఇంటికి నడిచి పోయే దూరంలో ఉండు.

శాకాహారం కష్టమే, అసాధ్యం కాదు. చిక్కేమిటంటే మాంసం ముక్క లేకపోతే శాకాహారమే అనుకుంటారు. చట్నీలో రొయ్యల ముద్ద తెరాసి, కూరల్లో ఎండురొయ్యలు ఎబి, పులుసులో కోడి రుచి పొడి. పల్లీ ముద్దతో చేసే కారెదొక్, లోతెక్ చూడటానికి మన పచ్చి కూరల సలాడే గానీ తెరాసి పడుతుంది. బటాగోర్‌లో చేప, సెబ్లాక్‌లో కోడికాళ్లు. సెబ్లాక్ ఈ ఊరి సొంత తిండి, నానిన అప్పడాలు కారం పులుసులో. ముక్కలు నువ్వే ఎంచుకునే చోట కోడికాళ్లు లేకుండా తీసుకోవచ్చు, కానీ పులుసు ఏంటో అడుగు. నియమంలో ఇంకా గట్టివాడివైతే మానెయ్. కారం లెవెల్ ఎంత చెప్పినా మనకు భయం లేదు. అప్పడం అనుకున్న క్రుపుక్ రొయ్యది కావచ్చు. ఈ వాక్యం కంఠస్థం చెయ్: "తన్‌పా దాగింగ్, తన్‌పా ఆయమ్, తన్‌పా ఇకన్, తన్‌పా తెరాసి, తన్‌పా ఎబి". మాంసం, కోడి, చేప, తెరాసి, ఎండురొయ్య లేకుండా అని. గుడ్డు తినకపోతే "తన్‌పా తెలుర్" కలుపు. రోజూ దొరికేవి అన్నం, టెంపే, తహు (టోఫు), వేయించిన కూరగాయలు. చైనీస్ బౌద్ధుల శాకాహార హోటళ్లూ ఉన్నాయి, వాటిలో కంగారు లేకుండా తినొచ్చు. కోస్‌లో కుక్కర్ పెట్టనిస్తారో లేదో గది తీసుకోకముందే అడుగు, కరెంటు విడిగా కట్టే చోట చాలావరకు ఒప్పుకుంటారు.

నువ్వు ఆగస్టులో దిగుతున్నావు కాబట్టి 17వ తేదీ తప్పించుకోకు. స్వాతంత్య్ర దినం, గల్లీ గల్లీకి ఆటలు: గోనెసంచి పరుగు, చేతులు వెనక్కి కట్టుకుని వేలాడే అప్పడాన్ని నోటితో తినడం, జారుడు స్తంభం ఎక్కడం. కోస్ ఉన్న వీధిలో పేరు ఇచ్చి ఆడు. నెల రోజుల పరిచయం ఆ ఒక్క సాయంత్రంలో అవుతుంది.

2025లో ఇదే పండగ ముందు కుర్రాళ్లు జాతీయ జెండాతో పాటు వన్ పీస్ అనిమేలోని పుర్రె జెండా ఎగరేసి ప్రభుత్వాన్ని చిరాకు పెట్టారు. ఆ నెలాఖరులో అసలైన మంట అంటుకుంది. ఎంపీలకు నెలకు 50 మిలియన్ రూపియా ఇంటి భత్యం అన్న వార్త మీద నిరసనలు, 28న జకార్తాలో పోలీసు సాయుధ వాహనం కింద బైక్ ట్యాక్సీ డ్రైవరు చనిపోవడం, తర్వాత దేశమంతా. గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో ప్రొఫైల్ ఫొటోలు, 17+8 అన్న డిమాండ్ల పట్టిక అప్పటివే. సెప్టెంబరు మొదట్లో జకార్తాలో పెస్తాపోరా సంగీత ఉత్సవానికి గనుల కంపెనీ ఫ్రీపోర్ట్ స్పాన్సర్ అని తెలియగానే బ్యాండ్‌లు తప్పుకోవడం మొదలుపెట్టాయి, నిర్వాహకులు ఆ ఒప్పందం తెంచుకున్నారు. కాబట్టి వీళ్లకు కాఫీ, డాన్సు తప్ప ఏమీ పట్టదనుకుంటే పప్పులో కాలేసినట్టే. టేబుల్ దగ్గర ఈ మాటలన్నీ విను, ప్రశ్నలడుగు. ఊరేగింపులోకి మాత్రం వెళ్లొద్దు, పోస్టులు పెట్టొద్దు. విద్యార్థి వీసా మీద రాజకీయ కార్యకలాపం దేశం నుంచి పంపేయడానికి చాలిన కారణం, ఆన్‌లైన్ మాటలకు వాళ్ల ఐటీ చట్టం కింద కేసులు పడతాయి.

ఆదివారం ఉదయం దాగో రోడ్డును బండ్లు రాకుండా మూస్తారు, పరుగు ట్రెండ్ అక్కడ చూడొచ్చు. ఖరీదైన బూట్లు, కళ్లజోళ్లు పెట్టుకుని స్టైలుగా పరిగెత్తేవాళ్లను "పెలారి కల్చెర్" అని ఆటపట్టిస్తారు. దారి పొడవునా ఫొటోగ్రాఫర్లు నీ ఫొటో తీసి ఫోటోయూ అనే యాప్‌లో పెడతారు, నీ ముఖం స్కాన్ చేస్తే నీ ఫొటోలు చూపించి అమ్ముతుంది. ముఖం డేటా ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ యాప్ జోలికి పోకు. తీయొద్దని చెయ్యి అడ్డుపెడితే తీయరు.

పాటల్లో ఊరి బలం మెటల్. 2008 ఫిబ్రవరి 9న ఒక చిన్న హాల్లో మెటల్ కచేరీ తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు, ఆ తర్వాత అనుమతులు చాలాకాలం బిగుసుకున్నాయి. అందుకే చిన్న కచేరీల కబురు ఇప్పటికీ ఇన్‌స్టా స్టోరీలో ఆఖరి నిమిషంలో తెలుస్తుంది. పక్క జిల్లా గారుత్ నుంచి హిజాబ్ కట్టుకుని మెటల్ వాయించే ముగ్గురమ్మాయిల బ్యాండ్ వాయిస్ ఆఫ్ బాచెప్రొత్ 2024లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవంలో వాయించింది. అక్కడి జనం పాటల బాణీ డాంగ్‌డుత్‌కి హిప్‌హాప్ కలిపిన హిప్‌డుత్ ఇప్పుడు ప్రతి టిక్‌టాక్‌లోనూ మోగుతుంది. ఇరుకు హాల్లోకి వెళ్తే ముందు బయటికి పోయే తలుపు ఎక్కడుందో చూసుకో.

ప్రేమలు, జంటలు ఉంటాయి, బయట చేతులు పట్టుకోవడం వరకే. 2026 జనవరి 2 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేరశిక్షాస్మృతిలో పెళ్లి కాకుండా కలిసి ఉండటం, శారీరక సంబంధం నేరం. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు ఫిర్యాదు చేస్తేనే కేసు, కానీ కోస్ యజమాని వీధిపెద్దను పిలవడానికి చట్టం అవసరం లేదు. పొగతాగేవాళ్లు మగపిల్లల్లో చాలా ఎక్కువ, లవంగం సిగరెట్ వాసన బట్టలకు పడుతుంది. నీకు పొగ పడకపోతే లోపలి బల్ల అడుగు, ఆరుబయట కూర్చుని ముక్కు మూసుకోకు.

బండి వెనక ఎక్కడం రోజువారీ పని. రెయిన్‌కోటు కొనేటప్పుడు ప్యాంటు, చొక్కా విడిగా ఉండే జత కొను. దుప్పటిలా కప్పుకునే పొంచో చవకే గానీ, దాని అంచు వెనక చక్రంలో, గొలుసులో చుట్టుకుని పడిపోయిన ప్రమాదాలు అక్కడ మామూలు.

చివరిగా ఫోన్. మూడు నెలలు దాటి ఉంటావు కాబట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) నమోదు తప్పదు, లేకపోతే లోకల్ సిమ్ పనిచెయ్యడం ఆగిపోతుంది, దాంతో వాలెట్, బైక్ ట్యాక్సీ యాప్ గోజెక్ అన్నీ ఆగుతాయి. విమానాశ్రయం దాటకముందే కస్టమ్స్ దగ్గర చేయించుకో: మనిషికి రెండు ఫోన్ల వరకు, 500 డాలర్ల విలువ దాకా పన్ను మినహాయింపు. బయటికి వచ్చేశాక వెళ్తే ఆ మినహాయింపు ఉండదు. ఫోన్ బిల్లు పీడీఎఫ్ దగ్గరుంచుకో, లేకపోతే విలువ వాళ్లే కడతారు.